ఫ్రాన్స్ పల్లెల్లో సైకిల్ టూర్: కార్లు కనపడని రోడ్లను ఎలా పట్టుకోవాలి

ప్రశాంతమైన రూటు కావాలంటే ముందు "ఫ్రాన్స్‌లో టాప్ టెన్ సైకిల్ రూట్లు" లాంటి జాబితాలు పక్కన పెట్టండి. వాటిలో ఉన్నవి చెడ్డ రూట్లని కాదు. లువార్ నది వెంట సుమారు 900 కి.మీ. సాగే 'లువార్ ఆ వెలో' చక్కటి దారి. తప్పిపోదామన్నా వీలుకానంతగా బోర్డులుంటాయి. కానీ జులై, ఆగస్టు నెలల్లో కోటలున్న ఊళ్ల చుట్టూ పిల్లల ట్రెయిలర్లు, ఈ-బైకులు, గుంపులుగా వచ్చే టూర్లవాళ్లు కిక్కిరిసి ఉంటారు. సాయంత్రానికి గది దొరకడం కూడా కష్టమే. అరగంట తొక్కినా ఒక్క కారు ఎదురుపడకూడదు అనుకునేవాళ్లకు పేరున్న రూటుతో పనిలేదు, పేరు లేని రోడ్లు కావాలి. వాటిని గుర్తుపట్టడం వస్తే ఫ్రాన్స్‌లో ఏ మూలకు వెళ్లినా మీ రూటు మీరే గీసుకోవచ్చు.

అలాంటి రోడ్లు అక్కడ అన్ని ఎందుకున్నాయో కాస్త తెలుసుకుంటే మిగతాదంతా సులువు. దేశంలో దాదాపు 35 వేల కమ్యూన్లున్నాయి. కమ్యూన్ అంటే మన గ్రామ పంచాయతీ లాంటిది. వంద మంది ఉన్న ఊరికి కూడా ఒక మేయరు, ఒక ఆఫీసు, సొంత రోడ్లు ఉంటాయి. పక్క ఊరికి, చెరువుకి, దూరంగా విసిరేసినట్టున్న నాలుగిళ్ల పల్లెకి కూడా తారు రోడ్డు వేసి ఉంటుంది. దేశం మొత్తం మీద రోడ్ల పొడవు 10 లక్షల కి.మీ. పైమాటే. తర్వాత జనం పట్నాలకు వెళ్లిపోయారు, రోడ్లు మాత్రం మిగిలాయి. ఈశాన్యాన మ్యూజ్ నుంచి నైరుతిన లాండ్ వరకు ఏటవాలుగా జనం పల్చగా ఉండే పట్టీ ఒకటి ఉంది. మోర్వాన్, క్రూజ్, కాంతాల్, లోజేర్ ప్రాంతాలన్నీ ఆ పట్టీలోనివే. లోజేర్‌లో మొత్తం జనాభా 80 వేల లోపే. మీకు కావలసింది ఇలాంటి చోట్లు.

ముందు రోడ్డు నంబరు చదవడం నేర్చుకోండి

'ఎ' అక్షరంతో మొదలయ్యే రోడ్లు ఆటోరూట్లు. వాటి మీదకు సైకిల్‌ని రానివ్వరు. 'ఎన్' అంటే జాతీయ రహదారి. కొన్నిచోట్ల సైకిల్‌కు అనుమతి ఉన్నా లారీల మధ్య మీకేం పని? మీ ప్రపంచమంతా 'డి' రోడ్లు, కమ్యూన్ల చిన్న రోడ్లు. 'డి' అంటే డిపార్ట్‌మెంట్, అంటే మన లెక్కలో జిల్లా, చూసుకునే రోడ్డు.

కొత్తవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. 'డి' రోడ్లన్నీ చిన్నవే అనుకుంటారు. 1970ల్లో కేంద్ర ప్రభుత్వం చాలా జాతీయ రహదారులను డిపార్ట్‌మెంట్లకు అప్పగించింది, 2006లో ఇంకొన్నింటిని అప్పగించింది. పేరు మారింది కానీ ట్రాఫిక్ మారలేదు. అలా చేతులు మారినవాటికి చాలాచోట్ల 900ల నంబర్లు పెట్టారు. ద్రాక్షతోటల మధ్య దిజోన్ నుంచి బోన్ వైపు వెళ్లే డి 974 ఒకప్పటి ఎన్ 74. అందుకని 900 సిరీస్ నంబరు, నాలుగంకెల నంబరు, లేదా డి 4, డి 7 లాంటి చాలా చిన్న నంబరు కనపడితే ఒకసారి ఆగి చూడండి. మామూలుగా 100 నుంచి 500 మధ్య నంబర్లు, నంబరు పక్కన అక్షరం తగిలించిన కొమ్మరోడ్లు ప్రశాంతంగా ఉంటాయి. ఇది రూలు కాదు, అంచనా మాత్రమే. పైగా డిపార్ట్‌మెంట్ సరిహద్దు దాటగానే అదే రోడ్డుకి నంబరు మారిపోతుంది. కాబట్టి దారి గుర్తుకి నంబర్ల కంటే ఊళ్ల పేర్లు రాసుకోవడం మేలు.

నంబరు కంటే నమ్మదగిన గుర్తు ఇంకొకటుంది. గూగుల్ స్ట్రీట్ వ్యూలో ఆ రోడ్డు తెరిచి మధ్యలో తెల్లగీత ఉందేమో చూడండి. గీత లేకపోతే ఆ రోడ్డుకి అంత ట్రాఫిక్ లేదని దాన్ని చూసుకునేవాళ్లే తేల్చుకున్నారన్నమాట. గీత ఉండి, అంచు కూడా గీసి, పక్కన కంకర పరిచిన ఖాళీ పట్టీ ఉంటే వేరే దారి వెతకండి. చాలా డిపార్ట్‌మెంట్లు ఏ రోడ్డు మీద రోజుకు సగటున ఎన్ని వాహనాలు వెళ్తాయో లెక్కలతో మ్యాపులు పెడుతుంటాయి. రోజుకు 500 అని ఉంటే పగటిపూట సుమారు నిమిషంన్నరకు ఒకటి, అదీ రెండు వైపులా కలిపి. ఆ లోపు ఉన్నదైతే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. 2,000 దాటిన రోడ్డును, తప్పనిసరైతే తప్ప, నేను రూటులో పెట్టను.

కాగితం మ్యాపు ఒకటి కొనండి

ఫోనులో అన్నీ ఉండగా కాగితం ఎందుకు అంటే, ఫోను మీకు ఒక గీత చూపిస్తుంది, మ్యాపు చుట్టుపక్కల ఉన్నవన్నీ చూపిస్తుంది. మిషెలిన్ వాళ్ల 1:1,50,000 స్కేలు మ్యాపుల్లో పెద్ద రోడ్లు ఎరుపు, మధ్యరకం పసుపు, చిన్నవి తెలుపు. తెల్లరోడ్లు మీవి. పసుపు రోడ్లు కొండ ప్రాంతాల్లో ఫర్వాలేదు, పట్నాల దగ్గర వద్దు. రోడ్డు పక్కన ఆకుపచ్చ అంచు ఉంటే చూడముచ్చటైన దారి అని అర్థం. కానీ కార్లలో తిరిగే టూరిస్టులు కూడా అదే మ్యాపు చూసి అక్కడికే వస్తారని మరచిపోకండి. రోడ్డు మీద చిన్న బాణం గుర్తులుంటే ఎక్కుడు అని అర్థం: ఒక బాణం 5 నుంచి 9 శాతం వాలు, రెండు 9 నుంచి 13, మూడు ఆపైన. బాణం మొన ఎక్కే వైపుకి ఉంటుంది. బ్యాగులతో ఉన్న సైకిల్ మీద మూడు బాణాల రోడ్డంటే దిగి తోయడమే.

ఐజీఎన్ అనే ప్రభుత్వ సంస్థ 1:1,00,000 మ్యాపులు ఇంకా వివరంగా ఉంటాయి. ఒక సెంటీమీటరు ఒక కిలోమీటరు కాబట్టి వేలితో కొలిచి దూరం చెప్పేయొచ్చు.

ఇంట్లో కూర్చుని రూటు గీసేటప్పుడు సైకిల్.ట్రావెల్ సైటు వాడి చూడండి. ట్రాఫిక్ తక్కువున్న రోడ్లకే మొగ్గు చూపేలా దాన్ని తయారుచేశారు. కొమూట్ అనే రూటు యాప్ కూడా బాగానే ఉంటుంది కానీ అప్పుడప్పుడు పొలం గట్టు మీదకు తీసుకెళ్తుంది. ఏది వాడినా గీసిన రూటును తెల్లరోడ్లతో పోల్చుకుని చూసి, అనుమానం ఉన్నచోట స్ట్రీట్ వ్యూ తెరవండి. ఈ పనికి ఒక సాయంత్రం పడుతుంది. మొత్తం టూరు ఎలా ఉంటుందో తేల్చేది ఆ సాయంత్రమే.

ఇక 'వ్వా వెర్త్', అంటే మోటారు వాహనాలు లేని పచ్చదారులు. పాత రైలు కట్టల మీద, కాలువ గట్ల మీద వేసినవి. బుర్గోన్‌లో జివ్రీ నుంచి క్లూనీ వరకు 44 కి.మీ. దారి దేశంలోనే మొదటిది, 1997లో మొదలైంది. పిల్లలతో వెళ్లేవాళ్లకు వీటిని మించినవి లేవు. పెద్దవాళ్లకు మాత్రం రెండు రోజులు అదే చదును, అవే చెట్లు, అదే నీళ్లు చూశాక కాస్త విసుగు రావొచ్చు. కాబట్టి పచ్చదారిని వెన్నెముకలా పెట్టుకుని, మధ్యమధ్యలో తెల్లరోడ్ల మీదకు ఎక్కి దిగడం మంచి పద్ధతి. ఒక హెచ్చరిక: కాలువ గట్టు అనగానే నున్నటి దారి అనుకోకండి. తూలూజ్ నుంచి బోర్దో వైపు వెళ్లే గరోన్ కాలువ గట్టు తారుదారే. అదే తూలూజ్ నుంచి సముద్రం వైపు సాగే 240 కి.మీ. మిడి కాలువ గట్టు కొంత దూరం పోయాక మట్టి బాట అవుతుంది. చెట్ల వేర్లు పైకి తేలి ఉంటాయి. 17వ శతాబ్దపు ఆ కాలువ అద్భుతమే, కానీ సన్న టైర్లకు నరకం.

ఒక రూటు గీసి చూద్దాం

మాటల కంటే ఒక ఉదాహరణ మేలు. పారిస్‌కి ఆగ్నేయాన ఒసేర్ అనే పట్నం నుంచి దెసీజ్ వరకు 174 కి.మీ. నివెర్నే కాలువ. మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను చెప్పే రూటు ఇదే. పారిస్‌లో బెర్సీ స్టేషన్ నుంచి ఒసేర్‌కి రైళ్లున్నాయి, కొన్ని నేరుగా వెళ్తాయి, కొన్నింటికి లారోష్-మిజెన్‌లో మారాలి. చివర్లో నెవెర్ నుంచి తిరిగొచ్చే రైలు కూడా బెర్సీకే వస్తుంది. కాబట్టి సైకిల్ పెట్టె, పెద్ద సూట్‌కేసు ఆ స్టేషన్ దగ్గర హోటల్లో వదిలేయొచ్చు.

ఈ కాలువను తవ్వింది పారిస్ పొయ్యిల కోసం. మోర్వాన్ అడవుల కట్టెలను శతాబ్దాల పాటు నదుల్లో తేలేసి పారిస్‌కి పంపేవారు. ఆ రవాణా సులువు కావాలని 1784లో పని మొదలుపెట్టి 1840ల నాటికి పూర్తిచేశారు. క్లామ్సీలో వంతెన మీద దుంగలు తోలే మనిషి విగ్రహం ఇప్పటికీ ఉంది. సరుకు పడవలు పోయి, ఇప్పుడు సెలవుల పడవలు నెమ్మదిగా కదులుతుంటాయి.

ఒసేర్ నుంచి క్లామ్సీ సుమారు 60 కి.మీ., దాదాపు చదును. మధ్యలో మెర్రీ దగ్గర సొసువా సున్నపురాతి కొండలు నిటారుగా, కాలువ పక్కనే పారే యోన్ నదిలోకి దిగినట్టుంటాయి. ఆదివారాల్లో తాళ్లు కట్టుకుని ఎక్కేవాళ్లు కనిపిస్తారు. కొంచెం ముందుకెళ్తే షాతెల్-సెన్స్వార్. ఇక్కడ నిర్ణయం తీసుకోండి. కాళ్లలో బలం ఉంటే కాలువ వదిలేసి, తెల్లరోడ్ల మీద తూర్పున వెజెలే కొండ మీదకు వెళ్లండి. సుమారు 15 కి.మీ. అక్కడి బసిలికా, అంటే పెద్ద చర్చి, 1979 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. ఊళ్లోకి ఎక్కే చివరి రోడ్డులో బస్సులు తగులుతాయి, ఓపిక పట్టండి. రాత్రి అక్కడే ఉంటే సాయంత్రం టూరిస్టులు వెళ్లిపోయాక ఊరు మీదే.

మర్నాడు కొండ దిగి సెన్-పేర్, పియెర్-పెర్త్యుయీ, బజోష్ మీదుగా కోర్బిన్యీకి రండి. బజోష్‌లో కోట ఉంది, 14వ లూయీకి కోటలు కట్టిపెట్టిన ఇంజనీరు వోబాన్ కొనుక్కున్నది. ఈ 30 కి.మీ. పైచిలుకు దారిలో ఎత్తుపల్లాలు గట్టిగానే ఉంటాయి. కానీ మీరు వెతుకుతున్న రోడ్లు ఇవే. రెండు వైపులా కంచె చెట్లు, వాటి వెనక తెల్లటి షారొలే ఆవులు, ఒక ఊరికీ ఇంకో ఊరికీ మధ్య మీ చెయిన్ చప్పుడు తప్ప ఏమీ వినపడదు. కోర్బిన్యీ దాటాక సార్దీ దగ్గర మళ్లీ కాలువ కలుస్తుంది. ఇక్కడ మూడు కిలోమీటర్ల పరిధిలో వరుసగా 16 లాకులు, అంటే పడవలను మెట్టుమెట్టుగా ఎక్కించి దించే నీటి గేట్లు. ఒక్కో లాకుకి ఒక్కో చిన్న ఇల్లు, కొన్నింటిలో ఇప్పుడు కుమ్మరులు, చిత్రకారులు ఉంటున్నారు. పైకెక్కాక కాలువ లా కొలాన్సెల్ సొరంగాల్లోకి పోతుంది. సొరంగంలో గట్టు లేదు, సైకిల్ దారి కొండ మీదుగా తిరిగి బే చెరువు దగ్గర దిగుతుంది. అక్కడ కాసేపు ఆగాల్సిందే. కట్టకు ఒకవైపు చెరువు, ఇంకోవైపు కాలువ.

అక్కడి నుంచి షాతియోన్-ఆన్-బజ్వా, సెర్సీ-లా-తూర్ మీదుగా దెసీజ్ వరకు పెద్దగా కష్టం లేదు. దెసీజ్ నుంచి నెవెర్‌కి దాదాపు 40 కి.మీ. లువార్ పక్క కాలువ వెంట వెళ్లాలి. ఇది అట్లాంటిక్ నుంచి నల్లసముద్రం దాకా పోయే యూరోవెలో 6 రూటులో భాగం, జనం మళ్లీ కనపడటం మొదలవుతుంది. మొత్తాన్ని రోజుకు 50 కి.మీ. లెక్కన వేసుకోండి. ఇంట్లో రోజుకు 80 తొక్కగలిగినా బ్యాగులతో, ఎండలో, ప్రతి ఊళ్లో ఆగుతూ అంత కుదరదు. మధ్యలో వానొచ్చి మూడు రోజులు పట్టుకుంటే క్లామ్సీ నుంచి ఒసేర్ వైపు చిన్న రైలుంది. రోజుకు కొన్నే తిరుగుతాయి కాబట్టి టైములు ముందే రాసిపెట్టుకోండి.

ఇదే పద్ధతి మిగతా చోట్ల కూడా పనిచేస్తుంది. లువార్ బదులు దాని ఉపనది ఆంద్ర్ వెంట వెళ్లండి. బ్రెతాన్యలో నాంత్-బ్రెస్ట్ కాలువ 360 కి.మీ. పైనే, దాని నడిమి భాగం, జొస్లాన్ నుంచి పొంతివీ చుట్టుపక్కల, చాలా ప్రశాంతం. నైరుతిలోని జేర్ డిపార్ట్‌మెంట్‌లో కొండలు చిన్నవే కానీ ఆగకుండా వస్తూనే ఉంటాయి, మోకాళ్లు గట్టిగా ఉంటేనే.

ఏ నెల, ఏ గంట

మే చివర, జూన్, సెప్టెంబరు. ఇవి మంచి నెలలు. జూన్‌లో రాత్రి పది దాకా వెలుతురుంటుంది. మే మొదట్లో వరుసగా సెలవులు రావడంతో గదులు నిండిపోతాయి. ఆగస్టులో పల్లెల్లోని చిన్న షాపులవాళ్లు కూడా సెలవు పెట్టి వెళ్లిపోతుంటారు. సెప్టెంబరు నుంచి వేట సీజను మొదలై చలికాలం చివరిదాకా సాగుతుంది. అడవి పక్కన "షాస్ ఆన్ కూర్" అని బోర్డు కనపడితే వేట జరుగుతోందని అర్థం. రోడ్డు దిగి అడవిలోకి నడవకండి, ముదురు రంగు బట్టలు వేసుకోకండి.

రోజులో అన్నిటికంటే ఖాళీ సమయం మధ్యాహ్నం 12 నుంచి 2. ఊరంతా భోజనం దగ్గర ఉంటుంది. మామూలుగా కాస్త ట్రాఫిక్ ఉండే పసుపు రోడ్డు దాటాల్సి వస్తే ఆ రెండు గంటల్లో దాటేయండి. సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర మధ్య పట్నాల దగ్గర ఉండకండి.

తిండి, నీళ్లు

ఇక్కడే అసలు టెన్షన్. రోడ్డు ప్రశాంతంగా ఉందంటే దాని మీద ఏమీ లేదని కూడా అర్థం. టీ కొట్టు ఉండదు, పెట్రోలు బంకు ఉండదు. చాలా ఊళ్లలో ఒక్క దుకాణం కూడా మిగల్లేదు. ఉన్నచోట కూడా మధ్యాహ్నం 12 లేదా 12:30కి షట్టరు దించితే మళ్లీ 2 తర్వాతే, కొన్నిచోట్ల 3 దాటాక తెరుస్తారు. ఆదివారం మధ్యాహ్నం నుంచి సోమవారం అంతా చాలాచోట్ల బంద్. సెలవుల వారాంతమైతే ఇంకా కష్టం. కాబట్టి శనివారం సాయంత్రానికి బ్యాగులో రెండు పూటల తిండి ఉండాల్సిందే. పొద్దున బయల్దేరిన ఊళ్లో బేకరీ కనపడగానే కొనేయండి, ముందు ఊళ్లో కొందాంలే అనుకోకండి. బేకరీ మూసేసిన ఊళ్లలో రోడ్డు పక్కన బ్రెడ్డు మెషిన్లు ఉంటాయి. నాణేలు వేస్తే బగెట్, అంటే పొడవాటి బ్రెడ్డు, బయటికి తోస్తుంది. చిల్లర దగ్గర పెట్టుకోండి.

నీళ్ల గురించి ఒక చిట్కా, ఫ్రాన్స్‌లో సైకిల్ తొక్కే ప్రతి ఒక్కరికీ తెలిసినది: శ్మశానం. దాదాపు ప్రతి ఊరి శ్మశానంలో, సమాధుల మీది పూలమొక్కలకు నీళ్లు పోయడానికి, గేటు పక్కనే కుళాయి ఉంటుంది. దగ్గర్లో ప్లాస్టిక్ క్యాన్లు వేలాడుతుంటాయి. చర్చి శిఖరాన్ని పట్టుకుని వెళ్తే చాలాసార్లు శ్మశానం ఊరి చివర్లో దొరుకుతుంది. సైకిల్ బయట పెట్టి, లోపల ఎవరైనా ఉంటే చిన్న గొంతుతో నమస్కారం చెప్పి, సీసా నింపుకుని వచ్చేయండి, ఎవరూ ఏమీ అనరు. ఒక్కటే చూసుకోవాలి: కుళాయి మీద "ఓ నాన్ పొతాబ్ల్" అని ఉంటే ఆ నీళ్లు తాగకూడదు. చలికాలంలో గడ్డకట్టకుండా కుళాయిలు కట్టేస్తారు. ఊరి ఆఫీసు, అంటే 'మేరీ' బయట టాయిలెట్, నీళ్లు ఉండే అవకాశం కూడా ఎక్కువే. జెండా ఎగురుతున్న భవనం చూసుకోండి.

శాకాహారులకు పల్లె రెస్టారెంట్లలో ఇబ్బందే. ఆమ్లెట్ తినేవాళ్లయితే ఫర్వాలేదు. మేక జున్ను వేసిన సలాడ్ అన్నిచోట్లా దొరుకుతుంది కానీ దాంట్లో పందిమాంసం ముక్కలు చల్లడం అలవాటు. "సాన్ లార్దోన్" అని ముందే చెప్పండి. వారపు సంత ఉన్న రోజు అక్కడికి చేరేలా ప్లాన్ చేసుకుంటే టమాటాలు, పండ్లు, జున్ను, బ్రెడ్డుతో మీ భోజనం మీరే కట్టుకోవచ్చు. కొన్ని ఊళ్లకు వారానికి ఒక సాయంత్రం పిజ్జా వ్యాను వస్తుంది, ఊరి జనమంతా దాని దగ్గరే ఉంటారు. ఇండియా నుంచి వెళ్లేవాళ్లు పాలకోవా, నెయ్యి, మాంసం పచ్చళ్లు సర్దుకోకండి. బయటి దేశాల నుంచి పాల, మాంసం పదార్థాలను వెంట తీసుకురావడం యూరోపియన్ యూనియన్‌లో నిషేధం. ఎయిర్‌పోర్టులో తీసి పారేస్తారు. స్టౌ గ్యాసు సిలిండరు కూడా విమానంలో కుదరదు, అక్కడే కొనుక్కోవాలి.

దుకాణంలోకి అడుగుపెట్టగానే ముందు "బోన్‌జూర్" అనండి. ఏం కావాలో ఆ తర్వాత. ఇది చెప్పకుండా మొదలుపెడితే మొహం ముడుచుకుంటారు, చెబితే మీకోసం మూసే టైము దాటినా ఇంకో ఐదు నిమిషాలు ఆగుతారు.

పడక

ఊరి మునిసిపల్ క్యాంపింగ్ స్థలాలు చవక. తరచు నది పక్కనే ఉంటాయి, టెంటుతో వెళ్లిన సైకిలిస్టుకి చిన్న జాగా దొరకకపోవడం అరుదు. మే ముందు, సెప్టెంబరు తర్వాత చాలావరకు మూసేస్తారు. టెంటు వద్దనుకుంటే 'షాంబ్ర్ దోత్', అంటే ఎవరింట్లోనో గది, పొద్దున టిఫిను. రాత్రి భోజనం కూడా పెడతారేమో బుక్ చేసేటప్పుడే అడగండి. ఐదు కిలోమీటర్లలో ఇంకేమీ ఉండదు మరి. 'ఆక్యూయ్ వెలో' అనే గుర్తు ఉన్న బసల్లో సైకిల్‌కు తాళం వేసే చోటు, రిపేరు సామాను తప్పకుండా ఉంటాయి. గుర్తించిన సైకిల్ రూట్లకు 5 కి.మీ. లోపు ఉన్నవాటికే ఆ గుర్తు ఇస్తారు.

షెన్గెన్ వీసాకి బస వివరాలు, కనీసం 30,000 యూరోల కవరు ఉన్న ఇన్సూరెన్సు చూపించాలి. అందుకని ఇండియా నుంచి వెళ్లేవాళ్లు రద్దు చేసుకోగలిగే బుకింగ్‌లు పెట్టుకుంటే తర్వాత రోజులు అటూ ఇటూ జరుపుకోవచ్చు. జర్మనీలోనో నెదర్లాండ్స్‌లోనో ఉంటున్న మనవాళ్లకు ఈ గొడవ లేదు.

రోడ్డు మీద

ఇండియా నుంచో, ఇంగ్లండ్ నుంచో వచ్చినవాళ్లకు అన్నిటికంటే పెద్ద ప్రమాదం కుడివైపు నడపడం. ఊరు దాటి తిన్నగా పోతున్నంతసేపు గుర్తుంటుంది. ఖాళీ రోడ్డు మీద ఫొటో కోసం ఆగి, మళ్లీ ఎక్కేటప్పుడు అలవాటు కొద్దీ ఎడమకు వెళ్లిపోతారు. ఎదురుగా కారు లేకపోవడం వల్ల ఆ తప్పు తెలియదు, మలుపు దాకా తెలియదు. హ్యాండిల్ కుడి వైపు ఒక ఎర్ర టేపు ముక్క చుట్టుకోండి.

రెండోది, ఊళ్లలో కుడివైపు నుంచి వచ్చే సందుకి దారి ఇవ్వాలి, అది ఎంత చిన్న సందైనా సరే. మీ రోడ్డు మీద పసుపు వజ్రం బోర్డు కనపడితేనే మీకు ప్రాధాన్యం. పల్లెల్లో ట్రాక్టరువాళ్లు ఈ హక్కును పూర్తిగా వాడుకుంటారు. ఊళ్ల బయట మిమ్మల్ని దాటే కారు 1.5 మీటర్ల ఎడం పాటించాలి. ఎక్కువమంది పాటిస్తారు కూడా. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తొక్కితే 135 యూరోల జరిమానా. 12 ఏళ్ల లోపు పిల్లలకు హెల్మెట్ తప్పనిసరి. చీకట్లో ఊరి బయట లైట్లతో పాటు మెరిసే జాకెట్టు ఉండాలి. అత్యవసరానికి 112.

వేసవిలో "గ్రావియోన్" అనే బోర్డు చూస్తే జాగ్రత్త. చిన్న రోడ్లకు మరమ్మతంటే తారు చిమ్మి, దాని మీద కంకర నూకలు చల్లి వదిలేయడమే. కార్లు తొక్కితొక్కి అవి అణగాలి. కార్లే రాని రోడ్డు మీద వారాల తరబడి అలాగే ఉంటాయి, ముఖ్యంగా మలుపుల్లో, మధ్యన గుట్టగా. మలుపుకి ముందే వేగం తగ్గించుకోండి, మలుపులో బ్రేకు పట్టకండి, చక్రాలు నొక్కిన జాడలోనే పోండి. కంచెలు కత్తిరించే రోజుల్లో ముళ్లు రోడ్డంతా పడి ఉంటాయి. "రూట్ బారే" అని రోడ్డు మూసినట్టు బోర్డుంటే సైకిల్ దూరే సందు ఉండొచ్చు. వంతెన పని అయితే మాత్రం ఉండదు, ఎదురొచ్చేవాళ్లను అడగండి.

సైకిల్, రైలు

టైరు 35 నుంచి 40 మి.మీ. వెడల్పు, తక్కువ గేర్లు, వెనక రెండు బ్యాగులు. ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు. విమానంలో అట్టపెట్టెలో తీసుకెళ్లొచ్చు కానీ వారం పదిరోజుల టూరుకి అద్దెకు తీసుకోవడమే నయం. ట్యూబులు, ప్యాచులు పట్నాల్లోని డెకాత్లాన్‌లో దొరుకుతాయి. పల్లెల్లో సైకిల్ షాపు ఉండదు కాబట్టి పంక్చరు వేయడం, తెగిన చెయిన్ కలపడం వెళ్లేముందే ఇంటి దగ్గర చేసి చూసుకోండి.

టీఈఆర్ అనే ప్రాంతీయ రైళ్లలో సైకిల్ చాలా ప్రాంతాల్లో ఉచితం, బుర్గోన్‌లో రిజర్వేషను కూడా అక్కర్లేదు. చోటు మాత్రం పరిమితం, వేసవి శుక్రవారం సాయంత్రాలు, ఆదివారాలు వద్దు. సైకిల్ బొమ్మ ఉన్న తలుపు ఎక్కడుందో రైలు ఆగేటప్పుడే చూసుకుని అటు నడవండి. కొన్నిచోట్ల సైకిల్‌ను ఎత్తి కొక్కేనికి తగిలించాలి, బ్యాగులు ముందే విప్పి ఉంచుకోండి. నెవెర్ నుంచి పారిస్‌కి ఇంటర్‌సిటే రైలు రెండు గంటల ప్రయాణం. దాంట్లో సైకిల్‌కు విడిగా రిజర్వేషను తప్పనిసరి. సైకిల్ చోట్లు కొన్నే ఉంటాయి కాబట్టి మీ టికెట్ కంటే ముందు సైకిల్‌కు చోటుందో లేదో చూసి, రెండూ ఒకేసారి బుక్ చేయండి.